ఏడాదిన్నరకే బ్యాటరీ పోయిందంటున్నారా? ముందు నిండా ఛార్జి చేసి చూడండి

ప్రశ్న: మా కారు కొని మూడున్నరేళ్లయింది. వారంలో రెండు మూడు సార్లు, అదీ దగ్గరి పనులకే తీస్తాం. కారుతో వచ్చిన బ్యాటరీ రెండేళ్లకే పోయింది. రెండోది వేయించి ఏడాదిన్నర. ఈమధ్య ఇంటిల్లిపాదీ పది రోజులు ప్రయాణంలో ఉండి తిరిగి వచ్చాం. తాళం తిప్పితే టకటకమని చప్పుడు తప్ప ఇంజిన్ తిరగలేదు. మెకానిక్ వచ్చి మరో బ్యాటరీ సాయంతో స్టార్ట్ చేసి, ‘ఇది కూడా పోయింది, కొత్తది వేయించుకోండి’ అన్నారు. బ్యాటరీ బాగుండాలని మా మామగారు రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఆపుతారు. అంత జాగ్రత్త పడుతున్నా ఇలా ఎందుకు జరుగుతోంది? మార్చక తప్పదా? మారిస్తే ఎలాంటిది తీసుకోవాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: కొత్త బ్యాటరీ కొనడం ఒక వారం ఆపండమ్మా. కారు బ్యాటరీ సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు పనిచేయాలి. ఒక్కటే తొందరగా పోయి ఉంటే అందులోనే ఏదో లోపం ఉందనుకోవచ్చు. వరుసగా రెండూ ఇలా అయ్యాయంటే అనుమానం బ్యాటరీ మీద కాకుండా దానికి అందుతున్న ఛార్జి మీదికి, కారులో దాన్ని తాగేస్తున్న వస్తువుల మీదికి మళ్లాలి. అది తేలకుండా మూడోది వేయిస్తే రెండేళ్ల తర్వాత మీరు నాకు ఇదే ఉత్తరం మళ్లీ రాయాల్సి వస్తుంది.

మెకానిక్‌ను తప్పుపట్టడం లేదు. ఆయన చూసినప్పుడు బ్యాటరీలో శక్తి లేదు, అంతవరకు నిజమే. అయితే ఛార్జి అయిపోయిన బ్యాటరీ వేరు, పాడైపోయిన బ్యాటరీ వేరు. ఖాళీగా ఉన్నప్పుడు పరీక్షిస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. నిండా ఛార్జి చేశాక పరీక్షిస్తేనే తేడా తెలుస్తుంది. ఈ ఒక్క మెట్టు దాటవేయడం వల్ల ఇంకా రెండేళ్లు పనిచేయగల బ్యాటరీలు ఎన్నో పాత సామానులోకి పోతున్నాయి. నాకు నిజంగా బాధ కలిగించే విషయమిది.

లోపల జరిగేది కొంచెం తెలిస్తే మిగతావన్నీ సులభంగా అర్థమవుతాయి. బ్యాటరీ డబ్బాలో ఆరు గదులుంటాయి. ఒక్కో గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. అందుకే నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. గదుల్లో సీసపు పలకలు, నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. ఫ్రాన్స్ శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో రూపొందించిన రసాయనమే ఇప్పటికీ మన కార్లలో పనిచేస్తోంది. బ్యాటరీ శక్తి ఇచ్చేటప్పుడు పలకల మీద లెడ్ సల్ఫేట్ పొర ఏర్పడుతుంది, ఆమ్లం పలుచబడుతుంది. ఛార్జి చేస్తే ఆ పొర కరిగి పలకలు మళ్లీ మునుపటిలా అవుతాయి. కానీ ఆ పొరను రోజుల తరబడి అలాగే వదిలేస్తే గట్టిపడి పెద్ద స్ఫటికాలుగా మారుతుంది. తర్వాత ఎంత ఛార్జి చేసినా అది పూర్తిగా కరగదు. పలకలో అంతమేర ఇక పనికిరాదు. అంటే బ్యాటరీని కేవలం వయసు చంపదు. సగం ఖాళీగా గడిపిన రోజులు కూడా చంపుతాయి. మీ బ్యాటరీ ఏడాదిన్నరలో ఎక్కువ రోజులు అలాగే గడిపిందని నా అనుమానం.

మీ మామగారి ఐదు నిమిషాల సంగతికి వద్దాం. ఇంజిన్‌ను తిప్పడానికి బ్యాటరీ ఒక్కసారిగా 150 నుంచి 200 ఆంపియర్ల కరెంటు ఇస్తుంది. చాలామంది అక్కడే బ్యాటరీ ఖాళీ అవుతుందనుకుంటారు. కానీ అది రెండు సెకన్ల పనే. లెక్క కడితే 0.1 ఆంపియర్ అవర్ ఖర్చు (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు వాడితే ఒక ఆంపియర్ అవర్). అసలు ఖర్చు కారు ఆగి ఉన్నప్పుడు అవుతుంది. తాళం వేసి వెళ్లినా కంప్యూటర్, అలారం, సెంట్రల్ లాక్, గడియారం మెలకువగానే ఉంటాయి. అవన్నీ కలిపి 30 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల వరకు తీసుకోవడం మామూలే. 40 అనుకుంటే రోజుకు దాదాపు ఒక ఆంపియర్ అవర్. ఇప్పుడు ఐదు నిమిషాల్లో తిరిగి వచ్చేదెంతో చూడండి. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు బ్యాటరీలోకి 5, 6 ఆంపియర్లు వెళుతున్నాయనుకున్నా అది అర ఆంపియర్ అవర్ మాత్రమే. ఏసీయో, లైట్లో వేసి ఉంటే ఇంకా తక్కువ. ఒకటి పోతుంటే అర వస్తోంది. రోజుకింత చొప్పున కొరత పేరుకుంటూ పోతుంది. మీరు కారు తీసినా అవి దగ్గరి ప్రయాణాలు కాబట్టి ఆ కొరత తీరదు. బ్యాటరీలో చివరి ఐదో వంతు నిండడానికి గంటలు పడుతుంది, పది నిమిషాల ప్రయాణంలో అది జరగదు.

ఇంజిన్‌కూ ఈ అలవాటు మంచిది కాదు. ఐదు నిమిషాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. ఆయిల్‌లో, పొగగొట్టంలో చేరిన తేమ ఆవిరైపోకుండా అక్కడే మిగిలిపోతుంది.

పది రోజుల లెక్క కూడా చూద్దాం. రోజుకు ఒకటి చొప్పున పది ఆంపియర్ అవర్లు పోయి ఉంటాయి. ఒక కుటుంబ కారులో ఉండే 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ నిండుగా ఉంటే, అంత పోయాక కూడా ఇంజిన్ తేలిగ్గా స్టార్ట్ కావాలి. మీది కాలేదు కాబట్టి మూడింటిలో ఒకటి జరిగి ఉండాలి: మీరు బయలుదేరేనాటికే బ్యాటరీ సగం ఖాళీగా ఉంది, లేదా కారులో ఏదో ఉండాల్సిన దానికంటే ఎక్కువ కరెంటు లాగుతోంది, లేదా పలకలు నిజంగానే దెబ్బతిన్నాయి. ఏది నిజమో తేల్చడానికి ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, ఒక ఛార్జర్ ఉంటే చాలు. ఛార్జర్ మీ దగ్గర లేకపోతే బ్యాటరీ మరమ్మతు చేసేవారి దగ్గర ఒక రాత్రంతా ఛార్జింగ్‌కు పెట్టించండి.

అన్నిటికంటే ముందు బానెట్ ఎత్తి రెండు టెర్మినళ్లనూ చూడండి. తెల్లగానో, నీలం కలిసిన ఆకుపచ్చగానో చిలుము పట్టి ఉందా? ఇంజిన్ ఆపి ఉండగా చేత్తో పట్టుకుని తిప్పితే క్లాంపు కదులుతోందా? కదిలితే అక్కడే సగం సమస్య దొరికినట్టు. వదులుగా ఉన్న క్లాంపు వల్ల లోపలికి ఛార్జి సరిగ్గా వెళ్లదు, బయటికి కరెంటు సరిగ్గా రాదు. బ్యాటరీ బాగానే ఉన్నా టకటక చప్పుడే వస్తుంది. నెగెటివ్ తీగ రెండో కొసను కారు బాడీకి బిగించిన చోటు కూడా చూడండి. దాన్ని పట్టించుకునేవారు తక్కువ.

తర్వాత నిండా ఛార్జి చేయించండి. సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో, అంటే 45 ఆంపియర్ అవర్ బ్యాటరీకి నాలుగు, ఐదు ఆంపియర్లతో, నెమ్మదిగా ఎక్కించాలి. పూర్తిగా ఖాళీ అయినదానికి 10 నుంచి 12 గంటలు పడుతుంది. తొందరగా అవుతుందని ఎక్కువ కరెంటు పెట్టించవద్దు, పలకలు వేడెక్కి వంకరపోతాయి. ఛార్జింగ్ అయ్యాక తీగలేవీ తగిలించకుండా ఒక రాత్రంతా వదిలేసి ఉదయం వోల్టేజీ కొలవండి. ఛార్జర్ తీసిన వెంటనే కొలిస్తే పైపై ఛార్జి వల్ల అంకె ఎక్కువగా కనిపించి మోసపోతాం. 12.6 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, ఛార్జిని నిలబెట్టుకుంటున్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12 దగ్గర ఉంటే పావు వంతు మాత్రమే మిగిలినట్టు. నిండా ఛార్జి చేసినా తెల్లారేసరికి 12.2కు దిగిపోతే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవచ్చు. 10.5 దగ్గర ఆగితే ఆరు గదుల్లో ఒకటి పూర్తిగా పోయినట్టు, ఇక వేరే పరీక్ష అవసరం లేదు.

12.6 నిలబడితే బ్యాటరీని కారులో బిగించి, మీరు మీటరు పట్టుకోండి, ఇంట్లో ఒకరిని స్టార్ట్ చేయమనండి. ఇంజిన్ తిరిగే ఆ రెండు సెకన్లలో వోల్టేజీ దిగుతుంది. అది సహజం. 10 కంటే పైన ఉంటే ధైర్యంగా ఉండవచ్చు. 9.6 కంటే కిందికి పోతే బరువు మోయలేని స్థితికి వచ్చిందని అర్థం. ఇంజిన్ నడుస్తుండగా మళ్లీ కొలవండి. ఈసారి 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. హెడ్‌లైట్లు, ఫ్యాను వేసినా 13.5 దగ్గరైనా నిలవాలి. 12 చిల్లర దగ్గరే ఉండి ఇంకా తగ్గుతుంటే, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరో, దాని బెల్టో సరిగా పనిచేయడం లేదు. 15 దాటితే దానికి వ్యతిరేకమైన జబ్బు: అవసరానికి మించి ఛార్జి అవుతూ లోపలి నీళ్లు ఆవిరైపోతున్నాయి. కొన్ని కొత్త కార్లు ఇంధనం ఆదా కోసం ఛార్జింగ్ వోల్టేజీని తామే పెంచి తగ్గిస్తుంటాయి. అందుకని మీ కారులో అంకె కాసేపు కిందికి దిగిందని వెంటనే కంగారు పడకండి. ఇంకో మాట: ఆల్టర్నేటర్ పనిచేస్తోందో లేదో చూడటానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసే పాత పద్ధతి ఒకటుంది. ఎవరు చేస్తానన్నా ఒప్పుకోకండి. ఒక్క క్షణం వోల్టేజీ విపరీతంగా ఎగసి కారులోని కంప్యూటర్ కాలిపోయే ప్రమాదముంది.

ఇవన్నీ బాగుంటే మిగిలేది దొంగచాటుగా కరెంటు లాగే వస్తువు. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను స్వయంగా అనుభవించాను. కొన్నేళ్ల క్రితం మా కారు మూడు రోజులు ఆగితే చాలు, నాలుగో రోజు స్టార్ట్ అయ్యేది కాదు. బ్యాటరీ పాతది, మార్చమన్నారు. మార్చాం. కొత్తది కూడా ఐదో రోజుకు ఖాళీ. చివరికి ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఫోనులో వీడియో రికార్డింగ్ పెట్టి, దాన్ని డిక్కీలో ఉంచి మూత వేయమన్నారు. తీసి చూస్తే, మూత పడినా లోపలి బల్బు వెలుగుతూనే ఉంది. స్విచ్ వంగిపోయింది. 5 వాట్ల బల్బు అంటే 0.4 ఆంపియర్, రోజుకు పది ఆంపియర్ అవర్లు. నాలుగు రోజుల్లో 45 ఆంపియర్ అవర్ బ్యాటరీని తాగేయడానికి అది చాలు. స్విచ్ సరిచేస్తే పోయేదానికి అప్పటికే ఒక బ్యాటరీని వదులుకున్నాం.

మీరు కూడా ముందు ఇలాంటివే వెతకండి. డిక్కీ లైటు, డ్యాష్‌బోర్డు అరలోని లైటు, ఎప్పుడూ తగిలించి ఉంచే ఫోన్ ఛార్జర్, డ్యాష్ కెమెరా, స్టీరింగ్ కింది సాకెట్‌లో పెట్టిన ట్రాకర్, తర్వాత బిగించుకున్న మ్యూజిక్ సిస్టమ్. ఏదీ దొరక్కపోతే ఎలక్ట్రీషియన్‌తో నెగెటివ్ తీగకు మధ్యలో మీటరు పెట్టి కొలిపించండి. తలుపులు మూసి తాళం వేశాక కారులోని కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి 20 నుంచి 40 నిమిషాలు పడుతుంది. అంతసేపు ఆగి చూసిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. 50 మిల్లీ ఆంపియర్లకు లోపు ఉంటే సరే. ఎక్కువ ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోవాలి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో అక్కడే దొంగ దొరికినట్టు. మీటరు అలా తగిలి ఉండగా మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు, మీటరు కాలిపోతుంది.

పరీక్షల్లో బ్యాటరీ నెగ్గితే ఇకపై చేయాల్సింది తక్కువే. వారానికి ఒకసారైనా ముప్పావు గంట ఏకధాటిగా, రోడ్డు వేగంతో కారు నడపండి. మీ వాడకానికి అది కుదరకపోతే నిండగానే తనంతట తాను ఆగిపోయే ఛార్జర్ ఒకటి కొని నెలకోసారి రాత్రి పెట్టండి. మీలాంటి వాడకమున్న ఇంటికి నా మొదటి సలహా ఈ ఛార్జరే. చార్జర్ క్లిప్పులు తగిలించాకే స్విచ్ వేయండి, స్విచ్ ఆపాకే క్లిప్పులు తీయండి. ఛార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. అందుకే గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా పెట్టాలి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే వెంటనే ఛార్జర్‌ను గోడ దగ్గరే ఆపేసి దూరం జరగండి.

పైన మూతలు తీయగలిగే రకమైతే రెండు మూడు నెలలకోసారి నీటి మట్టం చూడాలి. పలకలు ఎప్పుడూ మునిగి ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్లలోని లవణాలు పలకలను చెడగొడతాయి. ఆమ్లం అసలు పోయకూడదు, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే. ఛార్జి పూర్తయ్యాక పోయడం మంచిది. ముందే నింపితే ఛార్జి అవుతూ మట్టం పెరిగి పొర్లుతుంది. చిలుము పోవడానికి తీగలు తీసి, వంటసోడా కలిపిన నీళ్లతో పాత బ్రష్షు పెట్టి తోమి, తుడిచి ఆరబెట్టండి. తిరిగి గట్టిగా బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయండి. బ్యాటరీని తట్టలో పట్టి ఉంచే క్లాంపు కూడా బిగువుగా ఉండాలి. కుదుపులకు పలకల మీది పదార్థం రాలిపోతుంది. బ్యాటరీ చుట్టూ కంపెనీ అమర్చిన తొడుగు ఉంటే పారేయకండి, ఇంజిన్ వేడి నుంచి దాన్ని కాపాడేది అదే. చలిలో కారు మొరాయిస్తే చలినే అంటాం గానీ, పలకలను లోపల్లోపల తినేసేది అంతకుముందు తగిలిన వేడి.

ఈసారి రెండు వారాలకు మించి ప్రయాణం పెట్టుకుంటే నెగెటివ్ తీగ ఊడదీసి వెళ్లండి. ముందు బానెట్, తలుపులు తాళంచెవితో నేరుగా తెరవవచ్చో లేదో చూసుకోండి. బ్యాటరీ లేకపోతే రిమోట్ పనిచేయదు.

పరీక్షల్లో ఓడిపోతే మార్చక తప్పదు. కొత్తది కొనే ముందు పాతదాని వారంటీ కార్డు తీసి చూడండి, ఏడాదిన్నరకు అది ఇంకా చెల్లుబాటులో ఉండవచ్చు. ఎంపికలో మీ కారు మాన్యువల్ చెప్పినదే ప్రమాణం. పొడవు, వెడల్పు, ఎత్తు, పాజిటివ్ టెర్మినల్ ఎటువైపు ఉండాలి, ఆంపియర్ అవర్, సీసీఏ అన్నీ అందులో ఉంటాయి. సీసీఏ అంటే సున్నాకు 18 డిగ్రీలు దిగువన కూడా 30 సెకన్ల పాటు ఇవ్వగల కరెంటు. ఇంజిన్‌ను తిప్పే బలం దీనితోనే తెలుస్తుంది. మాన్యువల్‌లో ఉన్నదానికి తగ్గకూడదు. ‘పెద్ద బ్యాటరీ వేస్తే సమస్యే ఉండదు’ అనే మాట వింటారు. తట్టలో పట్టే కాస్త పెద్దది వేస్తే నష్టం లేదు, కానీ అది మీ సమస్యకు మందు కాదు. సగం నిండిన పెద్ద బ్యాటరీలోనూ సల్ఫేట్ గట్టిపడుతుంది.

సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ దానంతట అదే ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే కారైతే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం అనే, మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే రకం బ్యాటరీ ఉంటుంది. ఏజీఎం ఉన్న చోట ఏజీఎమ్మే వేయాలి. మామూలుది వేస్తే కొద్ది నెలలకే అలిసిపోతుంది. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ పెట్టిన సంగతి కంప్యూటర్‌కు తెలియజేయాలి. మీ కారుకు అది అవసరమేమో ముందే అడగండి. తయారీ తేదీ చూసి, ఆరు నెలలు దాటినదైతే వద్దని చెప్పండి. అరలో కూర్చున్న బ్యాటరీ కూడా ఖాళీ అవుతూనే ఉంటుంది. బిగించే ముందు అక్కడే వోల్టేజీ కొలిపించండి. 12.4 కూడా లేనిదాన్ని నేను తీసుకోను.

ఇంట్లో మీరే మార్చాలనుకుంటే ఒక వరుస గుర్తుంచుకోండి. తీసేటప్పుడు నెగెటివ్ ముందు, పెట్టేటప్పుడు నెగెటివ్ చివర. కారు బాడీ అంతా నెగెటివే. నెగెటివ్ తీగ ఉండగా పాజిటివ్ మీది స్పానర్ పొరపాటున బాడీకి తగిలితే మంటలు లేస్తాయి. ఉంగరాలు, గాజులు తీసేయండి, కళ్లజోడు పెట్టుకోండి. ఆమ్లం ఒంటి మీద పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లు పోస్తూ కడగాలి. కంట్లో పడితే కడుగుతూనే వైద్యుల దగ్గరికి బయలుదేరాలి. కొత్తది పెట్టాక అద్దాల ఆటోమేటిక్ స్విచ్, గడియారం, రేడియో వంటివి మళ్లీ సెట్ చేసుకోవాల్సి రావచ్చు. పాతదాన్ని కొత్తది కొన్న చోటే తిరిగి ఇచ్చేయండి. అందులోని సీసాన్ని దాదాపు పూర్తిగా కరిగించి మళ్లీ వాడవచ్చు. మట్టిలో, నీళ్లలో కలిస్తే మాత్రం ఆ సీసం విషం.

ఇక మీ మామగారి విషయం. ఆయన శ్రద్ధ ఈ కారుకు చాలా అవసరం, దాన్ని మాన్పించకండి. తాళంచెవికి బదులు మల్టీమీటర్ చేతికివ్వండి. ఆదివారం ఉదయం, ఎవరూ కారు తలుపు తీయకముందే కొలిచి, ఆ అంకెను తేదీతో ఒక పుస్తకంలో రాయమనండి. నెల రోజుల అంకెలు వరుసగా చూస్తే ఛార్జి నిలుస్తోందో, జారుతోందో ఆయనకే తెలిసిపోతుంది. 12.4 కంటే తగ్గిన రోజు ఛార్జర్ పెట్టమనండి. ఛార్జి చేసిన మూడో రోజుకే మళ్లీ తగ్గితే ఆ పుస్తకం తీసుకుని ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి.